ఎనిమిదణాల లారీ

ఆరవ జార్జి పేరిట 1937లో నాసిక్ సెక్యూరిటీ ప్రెస్సు ముద్రించిన తపాలా బిళ్ళలలో ఎనిమిది బిళ్ళల వరుస ఒకటున్నది. 2 అణాల బిళ్ళపై హర్కారా, రెండున్నర అణాలపై ఎద్దుబండి, 3 అణాలపై టాంగా, మూడున్నరపై ఒంటె, 4 అణాలపై రైలు, 6 అణాలపై ఓడ, 8 అణాలపై లారీ, 12 అణాలపై విమానం. అన్నిటిమీదా చక్రవర్తి శిరస్సు.

చిత్రకళగా చూస్తే ఇందులో లోపమెంచడం కష్టం. అరచేతిలో నాలుగోవంతు లేని కాగితం మీద పనిచేసే బండికి చోటు దొరకడమే విశేషం. ముదురు ఊదారంగు లారీలో రాజసం లేదు. అది సరుకు మోసే యంత్రం, అంతే. ఆ నిరాడంబరతే దాని అందం.

అయితే వరుసగా పేర్చి చూసినప్పుడు బిళ్ళలు మరొక మాట చెబుతాయి. కండబలంతో నడిచేవి నాలుగూ చౌక; ఆవిరితోనో పెట్రోలుతోనో నడిచేవి ప్రియం. బిళ్ళల జాబితాలలో వాడుకైన పేర్లు చూడండి: మొదటి నాలుగూ ‘డాక్’, తక్కిన నాలుగూ ‘మెయిల్’. హర్కారా దేశీ మాటకు చెందినవాడు, లారీ దొరల మాటకు. కాలు నుండి రెక్క దాకా సాగిన ప్రగతి సోపానమిది. దాని ప్రతి మెట్టునా ప్రభువు ముఖం. వాస్తవంలో మెట్లు లేవు. లారీ వచ్చిన తరువాతా రోడ్డు లేని ఊళ్ళకు ఉత్తరం హర్కారా కాళ్ళ మీదనే చేరింది. పాతది పోయి కొత్తది రాలేదు, రెండూ ఒకే సంచిని చేతులు మార్చుకున్నాయి. ఆ చేతులు మారే చోటును ఏ బిళ్ళా చిత్రించలేదు.

చిత్రకారుడు వదిలిన దానిని కవి అందుకున్నాడు. బెంగాలీలో సుకాంత భట్టాచార్య (1926–1947) ‘రానార్’ కవితలో హర్కారా అలంకారం కాదు. వీపున పరుల సొమ్ము, ఇంట ఆకలి ఉన్న మనిషి. 2 అణాల బిళ్ళపై పరుగు ఉంది గాని ఆ ఆకలి లేదు.

యుద్ధకాలంలో, 1940–43 నడుమ, కొత్త వరుస వచ్చింది. 8 అణాల బిళ్ళ రంగు అదే ఊదా. లారీ మాత్రం తొలగి, రాజు శిరస్సొక్కటే నిలిచింది. విమానానికి 14 అణాల బిళ్ళపై చోటు దక్కింది, పక్కన శిరస్సు మునుపటికన్నా పెద్దదైంది.