అంచు నిజరూపం

పాత బండి వెనక అద్దం దగ్గర నీళ్లు కారితే మనవాళ్లు ముందు చేసే పని సిలికాన్ ట్యూబు కొనడం. రబ్బరు మీద, అద్దం మీద, వీలైతే సీటు మీద కూడా పూసేస్తారు. చౌకరకం సిలికాన్ ఆరేటప్పుడు పుల్లటి ఘాటు వాసన వస్తుంది చూడండి, అది ఎసిటిక్ ఆమ్లం. వెనిగర్‌లో ఉండేదే. రంగు ఊడిన రేకు మీద పడితే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

మా చిన్నాన్న పాత మహీంద్రా పికప్‌కి ఇలాంటి పూతలు చాలానే పడ్డాయి. సింహాచలం కొండ మీద పండే అనాస, పనస కాయలు పూర్ణామార్కెట్‌కి మోసే బండి అది. పైగా విశాఖ ఉప్పుగాలి. అడవివరంలో మేస్త్రీ అద్దం చుట్టూ ఉన్న పాత రబ్బరు బీడింగును బ్లేడుతో కోసి లాగితే కింద రేకు అంచు పొరలు పొరలుగా రాలింది. సింహాచలం కొండ మీది దేవుడు అప్పన్న నిజరూపం ఏటా అక్షయ తృతీయ నాడు చందనం ఒలిస్తే కనబడుతుంది. బండి నిజరూపం బీడింగు తీస్తేనే. లీకు రబ్బరుది కాదు, ఈ అంచుది. తుప్పు గీకి, పోయిన చోట కొత్త రేకు వెల్డు చేసి, ప్రైమరూ రంగూ వేసి పూర్తిగా ఆరనిచ్చాకే అద్దం మాట. పనిలో ముప్పాతిక వంతు ఇదే. డబ్బులు ఇవ్వాల్సొచ్చినప్పుడు మాత్రం అందరూ అద్దం బిగింపు కూలీనే లెక్కేస్తారు.

"అద్దాన్ని అతికించకూడదు బాబూ, కూకోబెట్టాల," అన్నాడు మేస్త్రీ. ఇప్పటి కార్లలో అద్దాన్ని పాలీయురేథేన్ జిగురుతో బాడీకి అంటిస్తారు, అది బాడీ బలంలో భాగమవుతుంది. పాత బండ్ల లెక్క వేరు. రబ్బరుకి రెండు గాడులు: ఒకదాంట్లో అద్దం, ఇంకోదాంట్లో రేకు అంచు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఛాసిస్ మెలితిరిగితే క్యాబిన్ కూడా కొద్దిగా మెలితిరుగుతుంది. ఆ కదలికని రబ్బరు మింగేస్తుంది. అన్నీ అంటించేస్తే ఆ భారం అద్దం మోయాలి. గట్టిపరిచిన అద్దమైతే ఒక్కసారిగా ముక్కలవుతుంది. దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, చల్లగాలితో చల్లార్చి తయారుచేస్తారు, ఆ తర్వాత కోయడం కుదరదు. రెండు పొరల లామినేటెడ్ అద్దం అయితే, చదునుగా ఉంటే, షాపులో కొలతకి కోసిస్తారు.

బిగింపు చూడ్డానికి సరదాగా ఉంటుంది. రబ్బరుని ఎండలో మెత్తబరిచి అద్దం చుట్టూ తొడుగుతారు. రేకు వైపు గాడిలో సన్నటి నైలాన్ తాడు చుట్టూ పెట్టి, కొసలు లోపలికి వదులుతారు. అంతటా సబ్బునీళ్లు పూస్తారు. గ్రీజు వద్దు, కొన్ని రబ్బర్లు నూనె తగిలితే ఉబ్బిపోతాయి. బయట ఒకరు అరచేత్తో అద్దాన్ని అదుముతుంటే, లోపల మేస్త్రీ తాడు లాగుతాడు. తాడు వచ్చినంతమేరా రబ్బరు పెదవి అంచు దాటి లోపలికి మడుచుకుంటుంది. కింది వరస, పక్కలు, చివరికి పైన. తొందరపడి లాగితే పెదవి చిరుగుతుంది. అంతే, కొత్త బీడింగు కొనాలి.

 

ఇక నీళ్ల పరీక్ష. పైపుతో కింది అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. పైనుంచి కొడితే నీళ్లు అంతటా జారి, ఎక్కడ దూరాయో తెలియదు. సిలికాన్ ట్యూబులు అమ్ముడుపోయేది అక్కడే.