ప్రార్థన వినడంతో మొదలవుతుంది

మూడో శతాబ్దంలో ఈజిప్టులో ఆంథోనీ అనే యువకుడు ఉండేవాడు. తల్లిదండ్రులు పోయాక పొలాలూ, చెల్లెలి బాధ్యతా అతని మీద పడ్డాయి. ఒకరోజు చర్చికి వెళ్లేసరికి లోపల మత్తయి సువార్త చదువుతున్నారు. ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి తన వెంట రమ్మని యేసు ఒక ధనికుడైన యువకుడితో చెప్పే ఘట్టం అది. ఆ మాట అక్కడున్న అందరి చెవినా పడింది. ఆంథోనీకి మాత్రం తనను పేరుపెట్టి పిలిచి చెప్పినట్టే వినిపించింది. బయటికొచ్చి పొలాలను ఊరివాళ్లకు ఇచ్చేశాడు. తర్వాతి కాలంలో ఎడారి చేరి, క్రైస్తవ సన్యాస జీవితానికి ఆద్యుల్లో ఒకడయ్యాడు. లేఖనం చదువుతుంటే ఆయన ఒక్క మాట కూడా జారవిడవకుండా వినేవాడనీ, జ్ఞాపకశక్తే ఆయనకు పుస్తకంగా పనిచేసిందనీ జీవిత చరిత్ర రాసిన అథనాసియస్ చెబుతాడు.

క్రైస్తవ ప్రార్థనకు మూలం ఈ వినడంలోనే ఉంది. ముందు దేవుడు మాట్లాడతాడు, మనిషి విని బదులు పలుకుతాడు. ఆ బదులే ప్రార్థన.

మన దగ్గర ప్రార్థనకు కొదవ లేదు. ఉపవాస ప్రార్థనలు, రాత్రి ప్రార్థనలు, ఇంటింటా జరిగే కూటాలు, తెల్లవారుజామున మోకాళ్ల మీద ఉండే అమ్మమ్మలు మన సంఘాలకు పెట్టని కోటలు. అయితే ఆ ప్రార్థనల్లో చాలా సేపు మనమే మాట్లాడతాం. పిల్లల చదువు, ఉద్యోగం, వీసా, పెళ్లి సంబంధం, అప్పు, జబ్బు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అడగడం తప్పు కాదు, అడగమని చెప్పింది యేసే. కానీ మనవులన్నీ చెప్పుకొని, ఆమేన్ అనగానే లేచి వెళ్లిపోతే ఆయన చెప్పేది వినేదెప్పుడు? ఈ వినడాన్ని అలవాటు చేయడానికే పూర్వ క్రైస్తవులు లేఖన పఠనాన్ని ఒక సాధనగా మలిచారు. దానికి లాటిన్‌లో లెక్సియో దివీనా అని పేరు. మన మాటల్లో దివ్య పఠనం అనుకోవచ్చు.

నాలుగు మెట్లు

ఆరో శతాబ్దంలో ఇటలీలోని మోంటే కాసినోలో మఠం నడిపిన బెనెడిక్ట్, తన సన్యాసుల కోసం ఒక నియమావళి రాశాడు. అందులో 48వ అధ్యాయం రోజును శరీర శ్రమకూ, దివ్య పఠనానికీ పంచిపెడుతుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక చదువుకోవాలనుకునేవాళ్లు పక్కవాళ్ల విశ్రాంతికి భంగం కలగకుండా చదువుకోవాలన్న సూచన కూడా అందులో ఉంది. ఆ రోజుల్లో చదవడమంటే ఎక్కువగా పెదవులు కదుపుతూ, పైకి వినబడేలా చదవడమే. కంటికి కనబడిన మాట నోటికొచ్చి, నోటి నుంచి చెవిలో పడి, అక్కడి నుంచి మనసుకు చేరేది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో ప్రతి సన్యాసికీ ఒక్కో పుస్తకం ఇచ్చేవారు. దాన్ని మొదటి నుంచి చివరి దాకా వరసగా చదవాలి తప్ప నచ్చిన చోట్ల ఏరుకోకూడదు.

ఈ సాధనకు స్పష్టమైన రూపమిచ్చింది రెండో గిగో. ఫ్రాన్సు ఆల్ప్స్ కొండల్లోని గ్రాండ్ షార్‌ట్రూజ్ మఠానికి 12వ శతాబ్దంలో ఆయన పెద్ద. జెర్వేస్ అనే మిత్రుడికి రాసిన లేఖలో ఆయన నాలుగు మెట్లు చెప్పాడు: పఠనం, ధ్యానం, ప్రార్థన, దైవసన్నిధిలో విశ్రాంతి. పఠనం ఆహారాన్ని నోటికి అందిస్తే, ధ్యానం దాన్ని నమిలి ముక్కలు చేస్తుంది, ప్రార్థన రుచిని రాబడుతుంది, సన్నిధి ఆ తీపిని అనుభవింపజేస్తుంది.

ఉదాహరణకు గిగో ఎంచుకున్నది కొండమీది ప్రసంగంలోని ఒక చిన్న వచనం, హృదయశుద్ధి గలవారు దేవుణ్ణి చూస్తారన్న ధన్యవచనం. శరీరశుద్ధి అనకుండా హృదయశుద్ధి అన్నాడేమిటని ముందు ఆగుతాడు. చేతులు చెడ్డపని చేయకపోయినంత మాత్రాన సరిపోదు, ఆలోచన కూడా కడుక్కోవాలి కదా అని తర్కిస్తాడు. శుద్ధమైన హృదయం కోసం కీర్తనకారుడు ఎలా ప్రార్థించాడో తలుచుకుంటాడు. చూపు అంటే ఏమిటో, ఆ చూపుకోసం ఆశపడటం ఎలాంటిదో వెతుకుతాడు. ఇలా ఒక్క వాక్యం లోపలికి దిగేకొద్దీ అది తనవల్ల అయ్యేది కాదని తెలుస్తుంది. అలా తెలిసిన చోటే ప్రార్థన పుడుతుంది. ఇప్పుడు ఏం అడగాలో వెతుక్కోనక్కర్లేదు, ఆ వాక్యమే అడిగిస్తుంది.

యెరికో దారిలో

ఈ పద్ధతిని మార్కు సువార్త పదో అధ్యాయం చివర ఉన్న బర్తిమయి కథతో మనమూ చేసి చూడొచ్చు. ఉన్నవి ఏడే వచనాలు.

మొదటిసారి పైకి, నిదానంగా చదవాలి. గుడ్డివాడైన బర్తిమయి యెరికో దారి పక్కన అడుక్కుంటున్నాడు. యేసు వెళుతున్నాడని విని కేకలేస్తాడు. జనం నోరుమూసుకోమంటారు. అతను ఇంకా గట్టిగా అరుస్తాడు. యేసు ఆగి, పిలవమంటాడు. అతను పైబట్ట పారేసి ఒక్క ఉదుటున లేచి వస్తాడు. నీకేం చేయమంటావని యేసు అడుగుతాడు. చూపు కావాలంటాడు. చూపు వస్తుంది. ఆ దారినే యేసును వెంబడిస్తాడు.

రెండోసారి చదివేటప్పుడు ఏ మాట దగ్గర మనసు ఆగుతుందో చూసుకోవాలి. ఒకరికి నోరుమూసుకోమన్న జనం దగ్గర ఆగవచ్చు. ఇంకొకరికి ఆ పైబట్ట దగ్గర ఆగవచ్చు. బిచ్చగాడికి కప్పుకునేదీ, పరుచుకునేదీ అదే. చూపు ఇంకా రాకముందే అతను దాన్ని వదిలేశాడు. మళ్లీ వెతుక్కోవడానికి కళ్లు లేవు. నేను ఇంకా వదలకుండా పట్టుకున్నదేమిటన్న ప్రశ్న అక్కడ దానంతటదే లేస్తుంది.

మూడోసారి చదివాక ఆ ప్రశ్నతోనే ప్రార్థించాలి. నీకేం చేయమంటావని యేసు నన్నే అడిగితే నేనేమంటాను? రోజూ చెప్పే మనవుల పట్టిక ఇక్కడ అక్కరకు రాదు. నిజంగా కావలసినదేమిటో తేల్చుకోవలసి వస్తుంది. చాలామందికి తమ అసలు అవసరం తెలిసేది ఇలాంటి చోటే. చివరగా ఏమీ అడగకుండా, ఏమీ తేల్చకుండా, ఆయన ఎదుట కాసేపు ఊరికే ఉండాలి.

మంగలికి రాసిన ఉత్తరం

ఈ సాధన మఠాలకే పరిమితం కాలేదు. 1535లో జర్మనీలో మార్టిన్ లూథర్, ప్రార్థన ఎలా చేయాలని అడిగిన తన మంగలి పీటర్ కోసం ఉత్తరం రూపంలో ఒక చిన్న పుస్తకం రాశాడు. పది ఆజ్ఞల్లో ఒక్కోదాన్ని తీసుకొని నాలుగు సంగతులు వెతకమన్నాడు: ఇది నాకేం నేర్పుతోంది, దీని గురించి దేవునికి ఎందుకు కృతజ్ఞత చెప్పాలి, ఇందులో నేను ఒప్పుకోవలసిన తప్పేమిటి, దీన్ని బట్టి ఏం అడగాలి. మధ్యలో పరిశుద్ధాత్మ ఏదైనా ఆలోచన పుట్టిస్తే అనుకున్న వరస పక్కనబెట్టి దాన్నే వినమన్నాడు. మంగలికి ధ్యాస కత్తి మీదే ఉండాలి, మాటల్లో పడితే ముక్కో గొంతో తెగుతుంది కదా, ప్రార్థనలోనూ అంతే శ్రద్ధ ఉండాలని అతని వృత్తిలోంచే పాఠం చెప్పాడు.

ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అనాథ పిల్లల్ని పోషించిన జార్జ్ ముల్లర్ 1841లో తన అలవాటు మారిన వైనం రాసుకున్నాడు. అంతకుముందు పొద్దున్నే లేచి నేరుగా ప్రార్థనకు కూర్చునేవాడు. మనసు కుదురుకోవడానికే పావుగంట, ఒక్కోసారి అరగంట పట్టేది. తర్వాతి కాలంలో ప్రార్థనకన్నా ముందు కొత్త నిబంధన తెరిచి, వచనం వెంట వచనం ధ్యానించడం మొదలుపెట్టాడు. కొద్ది నిమిషాల్లోనే అది ఒప్పుకోలుగానో, కృతజ్ఞతగానో, మనవిగానో మారిపోయేది. ప్రార్థనకు పేరుపడ్డ మనిషే వాక్యాన్ని ముందు పెట్టుకున్నాడన్నది మనం గమనించాలి.

తెలుగు నేలకు దగ్గరి మనిషి భక్త సింగ్. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టిన ఆయన 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో కొత్త నిబంధన చదువుతూ, యేసు నికొదేముతో మాట్లాడే చోట ఆగిపోయారు. అక్కడే ఆయన జీవితం మలుపు తిరిగింది. తర్వాత హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా దశాబ్దాల పాటు సేవచేసి, 2000లో కన్నుమూశారు. బైబిలును మోకాళ్ల మీద చదవడం ఆయన్ని ఎరిగినవాళ్లంతా చెప్పుకునే సంగతి.

విన్నది దేవుని మాటేనా?

ఇక్కడే జాగ్రత్త కావాలి. మన కోరికకే దేవుని గొంతు తగిలించుకోవడం చాలా తేలిక. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు తీసుకోవడం మనకు ఇష్టమైన ఆనవాయితీ. వాటిలో తరచూ కనబడేది యిర్మీయా 29వ అధ్యాయంలోని మాట, దేవుడు మన మేలుకోసమే ఆలోచిస్తున్నాడనీ, నిరీక్షణ కలిగిస్తాడనీ చెప్పేది. మంచి మాటే. కానీ అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని అంతకుముందే హనన్యా అనే ప్రవక్త చెప్పాడు. జనానికి నచ్చే మాట అది. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లన్నాడు. అందాకా అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అన్నాడు. విన్నవాళ్లలో చాలామంది తిరిగి రాకుండానే కన్నుమూస్తారు. ఇది తెలిశాక ఆ వాగ్దానం చిన్నబోదు, బరువెక్కుతుంది. వెంటనే తీరని కష్టంలో కూడా దేవుడు మరిచిపోలేదని అది చెబుతుంది. కార్డు మీది ఒక్క ముక్క ఇంత ఓదార్పు ఇవ్వలేదు.

అందుకే ముందువెనకలు చదవాలి, మిగతా లేఖనంతో సరిచూడాలి, సంఘంలో అనుభవం గల పెద్దలతో మాట్లాడాలి. వినబడినదానివల్ల ప్రేమ, వినయం పెరుగుతున్నాయా, పంతం పెరుగుతోందా అని చూసుకోవాలి. మనల్ని ఎప్పుడూ సమర్థించే స్వరాన్ని, ఒక్కసారి కూడా సరిదిద్దని స్వరాన్ని అనుమానించడమే మంచిది.

ఏమీ వినబడని రోజులూ ఉంటాయి. చదివిన మాట చదివినట్టే ఉండిపోతుంది. అలాంటప్పుడు కీర్తనల గ్రంథం చేయిపట్టుకుంటుంది. 88వ కీర్తన మొరతో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, చివర ఒక్క ఊరట మాట కూడా ఉండదు. అలాంటి ప్రార్థనకు బైబిలులో చోటుందంటే మన మూగబోయిన రోజులకూ దేవుని ఎదుట చోటుంది.

మొదలుపెట్టేవాళ్లకు

మార్కు సువార్తతో మొదలుపెట్టవచ్చు. రోజుకు పది పన్నెండు వచనాల చొప్పున రెండు నెలల్లో పూర్తవుతుంది. ఫోన్ పక్కగదిలో పెట్టి కాగితపు బైబిలు తీసుకుంటే మేలు, మధ్యలో వాట్సాప్ పిలవదు. పెదవులు కదిపి చదవాలి. ఆగిన మాటను చిన్న నోటుబుక్కులో రాసుకొని, పనిలో, బస్సులో, వంటింట్లో నెమరు వేసుకోవాలి. కుటుంబ ప్రార్థనలోనైతే ఒకరు మూడుసార్లు చదవగా, ఒక్కొక్కరూ తమను తాకిన మాట మాత్రం చెప్పాలి. ఎవరూ ప్రసంగం చేయకూడదు. చిన్నపిల్లలు చెప్పే మాటే చాలాసార్లు పెద్దల్ని ఆపుతుంది. చదువురాని పెద్దలూ ఇందులో ఎవరికీ తీసిపోరు.

16వ బెనెడిక్ట్ పోపు 2010లో దేవుని వాక్యం గురించి రాసిన ఉపదేశ పత్రంలో ఈ మెట్లన్నీ వివరించి, ఆచరణలోకి రానిదే ఈ పఠనం పూర్తికాదని గుర్తుచేశారు. ఆ మాట అక్షరాలా నిజం. పొద్దున క్షమాపణ గురించి చదివినవాళ్లు సాయంత్రంలోగా ఒక్కరితోనైనా మాట కలపాలి. పేదల గురించి విన్నవాళ్లు పనిమనిషి జీతం సంగతి ఆలోచించాలి. మనం దేవుని మాట విన్నామో లేదో మనకన్నా ముందు మన ఇంట్లోవాళ్లకే తెలియాలి.