ఎదుటివాని మాట

మతవాదములో మనకు నోరు ముందు, చెవి వెనుక. యౌవనమున నేను పాతపట్నం సంతలో సువార్త చెప్పుచు, నీలమణి దుర్గ గుడికి పోవు ఒక వృద్ధుని పరిహసించితిని. కూడినవారు నవ్విరి. ఆయన నిలిచి, “నానేటి నమ్మతానో నువ్వడిగినావేటి బాబూ?” అనెను. నేనడుగలేదు.

పర్లాకిమిడి దగ్గర మదనాపురమున 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు బ్రాహ్మణులు. ఆయనను కదిలించినది ఒక చిన్న అచ్చు పుస్తకము. చదివిరి, ఆలోచించిరి, 1833లో కటకములో బాప్తిస్మము పొందిరి. ఆ పుస్తకమునకు బదులు నాబోటివాని పరిహాసమే మొదట తగిలియున్న యెడల?

మన కరపత్రములు కొన్ని చూడుడి. పొరుగువారి చెడ్డను మన మంచితో తూచుచున్నవి. తప్పుడు త్రాసును గూర్చి సామెతల గ్రంథ మేమనుచున్నదో మీరెరుగుదురు. వారనని మాటను వారి నోట పెట్టి ఖండించుట యింకను సులువు, అది వాదమా?

పౌలు ఏథెన్సులో విగ్రహములను చూచి పరితపించెను. అయినను వారి భక్తినే మొదట పేర్కొని, వారి బలిపీఠమునుండియే ప్రసంగ మారంభించి, వారి కవుల మాట సాక్ష్యము తెచ్చెను. అనగా, ఆ వ్రాత చదివియుండెను, ఆ కవుల నెరిగియుండెను. మారుమనస్సును, పునరుత్థానమును దాచలేదు. కొందరు అపహసించిరి, ఆయన తిరిగి అపహసింపలేదు.

మరుసటి సంతకు ఆ వృద్ధుని వెదకుచు పోతిని. చీకటిపడువరకు నిలిచితిని. ఆయన రాలేదు.