రెండు పుస్తకాల్లో ఒక స్వరాజ్యం

తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం గురించి చదవాలనుకునేవారికి తెలుగులో ముఖ్యంగా రెండు పుస్తకాలున్నాయి. మొదటిది 2019లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’. ఎనభై ఏళ్లు దాటిన వయసులో ఆమె చెబుతుంటే విమల, కాత్యాయని రాసిపెట్టారు. రెండోది అంతకు చాలా ముందు, 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలను వెతికి పట్టుకుని, వాళ్ల మాటలు రికార్డు చేసి అచ్చువేసిన సంకలనం అది. స్వరాజ్యం అందులోనూ ఉన్నారు, పలువురిలో ఒకరిగా.

మనిషికి ‘నేనెవరు’ అన్న ఎరుక ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతూ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుంటే, అవి ఇచ్చే జవాబులు వేరు. నా మొగ్గు సంకలనం వైపే. అలాగని ఆత్మకథను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సూర్యాపేట ప్రాంతంలో పుట్టి పెరిగే ప్రతి ఆడపిల్ల చేతికీ అది అందాలి.

ఇప్పటి సూర్యాపేట జిల్లా తుంగతుర్తి దగ్గర కర్విరాల కొత్తగూడెంలో, 1931లో ఒక భూస్వామి ఇంట పుట్టారామె. పేరులోనే జాతీయోద్యమం ఉంది. గోర్కీ ‘అమ్మ’ నవల చిన్నతనంలోనే చేతికొచ్చింది. వెట్టి పోవాలని ఆంధ్ర మహాసభ పిలుపిచ్చిన రోజుల్లో పదకొండేళ్ల పిల్ల తమ ఇంటి వెట్టివాళ్లకు బియ్యం పెట్టింది. సొంతవాళ్లే అడ్డం తిరిగారు. ఆమె తగ్గలేదు. ఆ పిల్లే సాయుధ పోరాట దళంలో ‘రాజక్క’ అయింది. పట్టిస్తే పదివేల రూపాయలిస్తామని సర్కారు ప్రకటించేదాకా వెళ్లింది. తర్వాత 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచింది. ఆత్మకథ చదువుతుంటే ఇదంతా ఒక మనిషి తెగువతో ఒకదాని వెనక ఒకటి జరుగుతూ పోయినట్టుంటుంది. పుట్టుకతో వచ్చిన దొరల బిడ్డ అన్న గుర్తింపును ఆమె తన చేతులతోనే తీసి పక్కన పెట్టిందనిపిస్తుంది. అది నిజమే. కాకపోతే అక్కడితో అయిపోలేదు.

సంకలనంలో ఆమె కథకు ముందూ వెనకా వేరే ఆడవాళ్ల కథలున్నాయి. వెట్టి బతుకు నుంచి వచ్చిన కమలమ్మ ఉంది. అడవిలో ఉండగా కన్నబిడ్డను పరాయి చేతుల్లో పెట్టాల్సి వచ్చిన తల్లి ఆమె. దళంలో ఇద్దరిదీ ఒకటే పోరాటం. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించి ఎవరిళ్లకు వాళ్లను పొమ్మన్నప్పుడు ఇద్దరూ ఒకే చోటికి పోలేదు. స్వరాజ్యానికి వెనక తల్లి చొక్కమ్మ ఉంది, దళాల్ని నడిపిన అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి ఉన్నాడు, పార్టీ ఉంది, ఎంత కాలిపోయినా మళ్లీ తన పేరు చెప్పుకోగల ఊరుంది. కమలమ్మకు వాటిలో ఏదీ ఆ తీరున లేదు. ఒకే పోరాటం ఒకరికి జీవితాంతం నిలిచే పేరునిచ్చింది, ఇంకొకరికి గడిచిపోయిన ఒక మంచి కాలంగా మిగిలింది. ఆత్మకథ ఎంత నిజాయితీగా రాసినా ఈ తేడా అందులో కనబడదు, ఎందుకంటే పక్కన ఇంకో గొంతు లేదు. మనిషి తనేమిటో తేల్చుకోవడంలో గుండెధైర్యం పాత్ర కొంతే. గడప దాటి వచ్చాక ‘రా బిడ్డా’ అని అక్కున చేర్చుకునేవాళ్లు ఎందరున్నారన్నది మిగతాదంతా తేలుస్తుంది. సంకలనం బలం అదే.

రెండు పుస్తకాలూ గట్టిగా అడగని ప్రశ్న కూడా ఒకటుంది. భూమి విషయంలో అన్ని గీతలూ చెరిపిన ఉద్యమం పెళ్లి దగ్గర ఎంతవరకు చెరిపింది? స్వరాజ్యం 1954లో సహచరుడు మల్లు వెంకటనర్సింహారెడ్డిని పెళ్లి చేసుకున్నారు. భీమిరెడ్డి వారి బిడ్డ, కులం గీత దాటకుండానే, మల్లు వారి కోడలైంది. ఇందులో ఆమెను తప్పుపట్టేదేమీ లేదు. నాటి ఉద్యమం చేరలేకపోయిన హద్దు ఎక్కడుందో మాత్రం తెలుస్తోంది.

ఆ హద్దు మిర్యాలగూడలో రక్తంతో కనబడింది. ఇదే భీమిరెడ్డి నర్సింహారెడ్డిని 1971, 1984, 1991 ఎన్నికల్లో లోక్‌సభకు పంపిన నియోజకవర్గం అది. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లొచ్చాక చేలు పచ్చబడ్డాయి, రైసు మిల్లులు లేచాయి, వ్యాపారం పెరిగింది. ఆ ఊళ్లోనే 2018 సెప్టెంబరు 14న, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించి బయటికొస్తున్న దళిత యువకుణ్ని పట్టపగలు నరికి చంపారు. కులం కాని పెళ్లి చేసుకున్న కూతురి మీద కోపంతో తండ్రే కిరాయికి చేయించాడని పోలీసులు తేల్చారు. న్యాయం కావాలని వేలమంది కదిలిన ఊళ్లోనే తండ్రి పక్షాన కూడా జనం వీధికెక్కారు. ఈ కేసులో తీర్పు వచ్చింది 2025 మార్చి 10న: ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. స్వరాజ్యమూ ఆ అమ్మాయీ ఇద్దరూ కలిగిన ఇళ్ల బిడ్డలే, ఇద్దరూ సొంతవాళ్ల మాట కాదన్నవారే. ఒకరిని ఈ ప్రాంతం ‘అక్కా’ అని పిలుచుకుంది. ఇంకొకరి విషయంలో ఇదే ప్రాంతం రెండుగా చీలింది. ఎర్రజెండాకు ఓట్లేసిన చేతులు కులాన్ని వదల్లేదు. ఈ మాట రాయడానికి బాధగానే ఉంది.

కోదాడ సంగతి వేరు. అక్కడ ‘ఏ ఊరు’ అన్నదే అసలు ప్రశ్న. కాలువ వెంట కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబాలున్నాయి. 2014 జూన్ 2 నుంచి కోదాడకూ జగ్గయ్యపేటకూ మధ్య రాష్ట్రాల గీత పడింది. బస్టాండులో పది నిమిషాలు నిలబడితే ‘పోయిండు’, ‘వెళ్లాడండీ’ రెండూ ఒకే బెంచీ మీద వినబడతాయి. తెలంగాణ రాష్ట్ర ఉద్యమ రోజుల్లో ‘అటువైపోళ్లు’ అనిపించుకున్న ఇళ్లలో పుట్టిన పిల్లలు ఇప్పుడు ‘మాది తెలంగాణే’ అంటున్నారు. ప్రాంతం గీత ఒక తరంలో ఇంతగా కరిగితే, కులం గీత మూడు తరాలైనా ఎందుకు కరగలేదో సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ మూడింటినీ ఎరిగినవాళ్లే రాయాలి.

అందుకు నమూనా 1986 సంకలనంలోనే ఉంది. పోరాటం ముగిసిన ముప్పై ఏళ్లకు కొందరు స్త్రీలు టేపు రికార్డరు పట్టుకుని ఊళ్లు తిరగకపోతే కమలమ్మ మనకు దక్కేది కాదు. ఇవాళ మిర్యాలగూడ మిల్లుల్లో ధాన్యం ఎత్తే ఆడవాళ్లున్నారు, బిహారు నుంచి వచ్చిన హమాలీలున్నారు, కులం దాటి పెళ్లి చేసుకుని ఊరొదిలి బతుకుతున్న జంటలున్నాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కాలేజీల్లో తెలుగు చెప్పే అధ్యాపకులకు నా విన్నపం: ఈ ఏడు ప్రాజెక్టు పనిగా మీ విద్యార్థులను వాళ్ల దగ్గరికి పంపండి. ఫోనులో రికార్డు చేయించండి. పేర్లు మార్చండి, మాటలు మాత్రం మార్చకండి.