రంగు కింద బోటు

ఏప్రిల్ 15 వచ్చిందంటే నిజాంపట్నం హార్బర్‌లో చేపల బేరాలు ఆగి సుత్తుల చప్పుడు మొదలవుతుంది. జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట బంద్. ఒకప్పుడు 47 రోజులుండే నిషేధం 2015 నుంచి 61 రోజులైంది. చేపలు గుడ్లు పెట్టుకోవడానికి ఇచ్చిన ఈ గడువే పాత బోట్ల మరమ్మతులకూ దొరికే గడువు.

చిక్కు కూడా ఇక్కడే. బోటు మీద డబ్బు పెట్టాల్సిన ఆ రెండు నెలలే యజమాని చేతిలో డబ్బు ఆడనివి. మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే నిషేధ భృతి 2019లో రూ.10 వేలు, 2025లో రూ.20 వేలు అయింది. అది ఇల్లు గడవడానికే సరి. రిపేరుకు అప్పే దిక్కు. అప్పు సొమ్ము ముందుగా కంటికి కనబడే చోటికే పోతుంది: కొత్త రంగు, పేరు రాయించడం, క్యాబిన్‌కు తళుకులు. నీటి కింది భాగాల వంతు వచ్చేసరికి ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అనే మాట వినిపిస్తుంది.

ఇంజిన్ నుంచి ఫ్యానుకు (ప్రొపెల్లరుకు) వెళ్లే షాఫ్టు బోటు అడుగు నుంచి బయటికొచ్చే చోట గ్లాండు ఉంటుంది. అందులో గ్రీజు పట్టించిన ప్యాకింగ్ తాడును చుట్టలుగా కూరి నట్లు బిగిస్తారు. షాఫ్టు తిరిగేటప్పుడు అక్కడ నిమిషానికి రెండు మూడు నీటి చుక్కలు కారాలి. షాఫ్టును చల్లగా ఉంచేవి ఆ చుక్కలే. చుక్క కూడా పడకూడదని బిగిస్తే ప్యాకింగ్ మాడిపోతుంది, షాఫ్టుకు గాడి పడుతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నీళ్లు ఆగవు. చెయ్యి తిరిగిన మెకానిక్ నట్టును కొద్దిగా తిప్పి, గ్లాండుకు వేలు ఆనించి వేడి చూసి, అప్పుడే మళ్లీ స్పానర్ పడతాడు.

అసలు రంగు తగలకూడనిది ఒకటుంది. ఉప్పునీటిలో రెండు రకాల లోహాలు కలిసి ఉంటే ఒకటి మరోదాని వల్ల తరిగిపోతుంది. ఫ్యానూ షాఫ్టూ బతకాలని వాటి పక్కన జింకు దిమ్మెలు బిగిస్తారు. వాటి బదులు అరిగిపోవడమే జింకు పని. తొందరలో కూలీ దానిమీదా రంగు పూస్తే అది పనికిరాకుండా పోతుంది.

చెక్క బోటును సుత్తితో తట్టి చూడాలి. గట్టి పలక ఖంగుమంటుంది, పుచ్చిన పలక మొద్దుగా పలుకుతుంది. బాపట్ల దగ్గర సూర్యలంకలో ఇసుక మీదికి లాగే ఫైబర్ పడవలకైతే అడుగు గీసుకుపోతుంది. గీతల్లోంచి లోపలి పొరలకు నీరెక్కుతుంది. పైన రంగేస్తే గీత దాగుతుందే తప్ప నీరు ఆగదు.

ముప్పు నీటితోనే కాదు. ఇంజిన్ గదిలో పాత వైర్లు, డీజిల్ మడ్డి, పక్కనే వంట గ్యాసు సిలిండర్ ఉంటే నిప్పుకు ఇంకేం కావాలి? 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటులో అంటుకున్న మంట పక్క బోట్లకు పాకి దాదాపు 40 బోట్లను బుగ్గి చేసింది. డీజిల్, సిలిండర్లు దానికి తోడయ్యాయి.

ఆ తర్వాత మూడు వారాలైనా తిరక్కుండానే, డిసెంబర్ 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. హెచ్చరికలు ఇప్పుడు ముందే అందుతున్నాయి. వాతావరణ శాఖ, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సమాచారమిస్తాయి, కోస్ట్‌గార్డ్ 1554 నంబరు ఉంది. కబురు విన్నాక ఒడ్డుకు తేవాల్సింది మాత్రం ఆ పాత ఇంజినే. ఇసుక మేటలు వేసిన మొగ (కాలువ సముద్రంలో కలిసే చోటు) దగ్గర అది ఆగిందంటే అలలు బోటును అడ్డం తిప్పేస్తాయి.

కాబట్టి రంగు వేయడానికి ముందే, కాలువలో బోటును గట్టిగా కట్టి, గేరు వేసి గంటసేపు ఇంజిన్ నడపడం మేలు. వేడి ఎంత ఎక్కింది, గ్లాండు ఎలా కారుతోంది, అడుగున చేరిన నీటిని పంపు తోడుతోందా అన్నది అప్పుడే తేలుతుంది. ఏదైనా మొరాయిస్తే విడిభాగం కోసం రేపల్లెకో తెనాలికో మనిషిని పంపొచ్చు, జూన్ 14కు ఇంకా వ్యవధి ఉంటుంది.