చంద్రుడి మీద నిలిచిన కుట్టు
1969 జూలైలో చంద్రుడిపై కాలుమోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ధరించిన అంతరిక్ష దుస్తులను కుట్టినవారు అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో, ఆడవారి లోదుస్తుల తయారీకి పేరుపడిన ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్‌లో పనిచేసిన మహిళలు. గాలి లేని చోట శరీరాన్ని అన్నివైపులా అదిమి ఉంచే బలం, అంటే వాయు పీడనం, ఉండదు కనుక ఒంట్లోని ద్రవాలు ఆవిరి కావడం మొదలవుతుంది; ఆక్సిజన్ అందక కొద్ది క్షణాల్లోనే మనిషి స్పృహ కోల్పోతాడు. అందుకే దుస్తుల లోపలి రబ్బరు తొడుగులో భూమిపై ఉండే పీడనంలో సుమారు నాలుగో వంతుకు సరిపడేలా శుద్ధమైన ఆక్సిజన్‌ను నింపారు. అయితే గాలి నిండిన తొడుగు బిగుసుకుపోయి మోచేతిని వంగనివ్వదు కాబట్టి, కీళ్ల దగ్గర దానిని అకార్డియన్ తిత్తిలా ముడతలుగా మలిచారు. ఒంటికి ఆనుకునే బనీనులోని సన్నని గొట్టాల్లో పారే నీరు దేహపు వేడిని తీసుకుపోగా, అల్యూమినియం పూత పూసిన పలుచని పొరలు ఎండ వేడిమిని తిప్పికొట్టేవి. అన్నిటికీ పైన గాజునారతో నేసిన, నిప్పంటుకోని బీటా క్లాత్ ఉండేది.

ఇరవైకి పైగా ఉన్న ఈ పొరలను మామూలు కుట్టుమిషన్ల మీదే, వెంట్రుకవాసి తేడా లేకుండా కుట్టడం అసాధారణమైన నేర్పు. మరచిపోయిన ఒక్క గుండుసూది రబ్బరు తొడుగుకు చిల్లు పెట్టగలదు కనుక సూదుల వాడకాన్ని కట్టడి చేసి, దుస్తులను ఎక్స్‌రే తీసి మరీ పరీక్షించేవారు. రాకెట్ల రూపశిల్పులకు దక్కిన కీర్తిలో ఈ దర్జీలకు న్యాయమైన వాటా అందలేదు. చంద్రుడిపై నడిచిన 12 మందిలో ఏ ఒక్కరి ప్రాణమూ దుస్తుల లోపం వల్ల పోలేదు.