ఇండెక్స్ కూర్చేవాళ్లకి ఓ నమస్కారం

సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకి పేరొస్తుంది. మాన్యువల్ రాసినవాళ్లకి అప్పుడప్పుడూ వస్తుంది. దాని చివర ఇండెక్స్ కూర్చినవాళ్లని మాత్రం ఎవరూ తలచుకోరు. పని ఎక్కడో చిక్కుపడ్డప్పుడు మనం పరిగెత్తేది మాత్రం వాళ్ల దగ్గరికే.

ఈమ్యాక్స్ ఎడిటర్ మాన్యువల్ చూడండి. ఆ ఎడిటర్‌లో రాసినదాన్ని కత్తిరిస్తే ‘కిల్’, తిరిగి అతికిస్తే ‘యాంక్’. కొత్తవాడికి ఆ మాటలేం తెలుసు? కట్, పేస్ట్ అనే వెతుకుతాడు. అందుకే ఆ పేర్లనీ ఇండెక్సులో ఎక్కించి, సరైన చోటికే దారి చూపించారు. ఆ మాన్యువల్ చదివే ఇన్ఫో రీడర్‌లో ‘ఐ’ నొక్కి మాట టైపు చేస్తే చాలు, నేరుగా అక్కడ దిగుతాం.

ఆ మాన్యువల్ రాసే టెక్స్‌ఇన్ఫో పద్ధతిలో విషయాలకి, ఫంక్షన్లకి, వేరియబుల్స్‌కి, కీలకి వేర్వేరు ఇండెక్సులు పెట్టుకోవచ్చు. రచయిత వివరణ పక్కనే గుర్తు పెడితే, అక్షరక్రమంలో పేర్చడం యంత్రం చూసుకుంటుంది. ఏ మాట పెట్టాలో మాత్రం మనిషే తేల్చాలి. మాట కనబడ్డ ప్రతిచోటా గుర్తు పెడితే ఇరవై చోట్లు తేలి, వెతికేవాడి పని మళ్లీ మొదటికొస్తుంది. విషయం విడమరిచి చెప్పిన చోటే పెట్టాలి.

‘సెర్చ్ ఉందిగా!’ అంటారు కొందరు. మామూలు సెర్చ్ పేజీలో ఉన్న మాటనే పట్టిస్తుంది. మంచి ఇండెక్స్, పేజీలో లేని మాటతో వచ్చినవాణ్ని కూడా ఒడ్డున పడేస్తుంది.